నాలుగు నిమిషాల పాట, అరనిమిషం చూపు: క్వైర్ కచేరీలో ప్రకృతి బొమ్మలు ఎందుకు పెడతారు?

ఒక కమ్యూనిటీ క్వైర్ కచేరీ, అదే హాల్లో చెట్లు, చెరువులు, రాళ్లని చూపించే బొమ్మల ఎగ్జిబిషన్, ఎంట్రీ ఫ్రీ. ఇలాంటి పోస్టర్ వాట్సాప్‌లో వస్తే హైదరాబాద్‌లో చాలామందికి వరసపెట్టి డౌట్లు వస్తాయి. ఇది చర్చి ప్రోగ్రామా? పాటలు వినడానికి పోవాలా, బొమ్మలు చూడ్డానికి పోవాలా? ఫ్రీ అంటున్నారు, మరి డబ్బులు ఎవరు పెడుతున్నట్టు? రెండూ ఒకేచోట పెడితే దేన్నీ సరిగ్గా పట్టించుకోలేం కదా? డౌట్లన్నీ సబబైనవే, కాకపోతే వీటికి జవాబులు సంగీతంలో కొంత, బొమ్మల్లో కొంత, హాలు గోడల్లో ఇంకొంత, కాపీరైట్ చట్టంలో మిగతాది, ఇలా తలా ఒకచోట ఉన్నాయి.

క్లుప్తంగా

కమ్యూనిటీ క్వైర్ అంటే ఉద్యోగస్తులు, స్టూడెంట్లు, రిటైరైనవాళ్లు, సంగీతం వృత్తి కానివాళ్లు కలిసి పాడే బృందం. దాని పక్కన బొమ్మలు పెట్టడానికి కారణాలు ఎక్కువగా మామూలువే: హాలు ఖర్చు పంచుకోవడం, ఒకరి జనం ఇంకొకరికి అందడం, ఏ మతానికీ చెందని థీమ్ దొరకడం. అయితే కలిపాక ఒక నిజమైన లాభం వచ్చే అవకాశం ఉంది, పాట జనాన్ని ఒకచోట ఆపుతుంది, ఆ ఆగిన కాసేపట్లో బొమ్మ కనబడుతుంది. ఇది జరగడం జరగకపోవడం గొంతుల కన్నా హాలు, లైటు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అనేవాటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

క్వైర్ అనగానే చర్చి గుర్తొచ్చేది ఎందుకు

సికింద్రాబాద్ 1806లో బ్రిటిష్ కంటోన్మెంట్‌గా మొదలైంది. పటాలాలతో పాటు చర్చిలు వచ్చాయి, చర్చిలతో పాటు నాలుగు గొంతుల పాట వచ్చింది. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అంటారు, అంటే ఆడవాళ్లలో పై స్థాయి వాళ్లు, కింది స్థాయి వాళ్లు, మగవాళ్లలో కూడా అలాగే రెండు రకాలు. అందరూ ఒకే మాటని ఒకేసారి, కానీ వేర్వేరు స్వరాల మీద పాడతారు, ఆ స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసి వినపడేదే హార్మొనీ. కంటోన్మెంట్ చర్చిలు, మిషన్ స్కూళ్లు, 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కేథడ్రల్, వీటన్నిటి చుట్టూ ఈ పద్ధతి తరాలుగా నిలబడింది, కాబట్టి ఊళ్లో క్వైర్ అంటే డిసెంబర్, క్యారల్స్, తెల్ల గౌన్లు అనే బొమ్మ మనసులో పడిపోయింది.

ఇక్కడ బయటివాళ్లు పెద్దగా గమనించనిది ఒకటుంది, తెలుగు చర్చిలోనే రెండు పాయలున్నాయి. ఇంగ్లిష్ హిమ్స్‌ని తెలుగు చేసి హార్మొనీలో పాడేది ఒకటి. పురుషోత్తమ చౌదరి లాంటి 19వ శతాబ్దపు కవులు రాసిన కీర్తనలు రెండోది, వీటికి పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, సంఘమంతా ఒకే వరసలో పాడుతుంది, నాలుగు భాగాలేం ఉండవు. అంటే మన రాగాన్ని హార్మొనీలో ఎలా కూర్చోబెట్టాలి అనే పేచీ ఇప్పటి కమ్యూనిటీ క్వైర్లు కనిపెట్టింది కాదు, అది ఇక్కడ వందేళ్లకు పైగా నానుతున్నదే.

చర్చి బయట బృందగానానికి కూడా మన దగ్గర చరిత్ర ఉంది. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వైర్ పెట్టి రకరకాల భాషల పాటల్ని హార్మొనీలో పాడించారు, ఏ సంగీతం రాని మామూలు పిల్లల్ని వందల సంఖ్యలో నిలబెట్టి పాడించడం ఆయన ప్రత్యేకత. ఆకాశవాణి కూడా దేశభక్తి గీతాలకి, లలిత సంగీతానికి బృందాల్ని వాడుకుంది. ఇప్పుడు ఐటీ కంపెనీలో పనిచేసే ఆయన, పక్కన రిటైర్డ్ టీచర్, ఆ పక్కన కాలేజీ పిల్ల కలిసి వారానికి ఒకసారి రిహార్సల్ చేసే క్వైర్ ఈ రెండు దారులూ కలిసిన చోట ఉంది, చర్చి నుంచి టెక్నిక్ వచ్చింది, బృందగానం నుంచి ఎవరైనా రావచ్చు అనే తలుపు వచ్చింది.

ప్రకృతే ఎందుకు, ఇంకో థీమ్ దొరకలేదా

మొదటి కారణం సూటిగా చెప్పాలంటే మతం. పాశ్చాత్య క్వైర్ పాటల్లో చాలా భాగం చర్చి కోసం రాసినవే. బృందంలో అన్ని మతాలవాళ్లూ ఉన్నప్పుడు, ప్రేక్షకుల్లోనూ ఉన్నప్పుడు, గంటన్నర ప్రోగ్రామ్‌ని ఎవరికీ ఇబ్బంది లేకుండా నడపాలంటే ఉన్న థీమ్‌లు తక్కువే: దేశభక్తి, ప్రేమ, పండగలు, ప్రకృతి. వీటిలో దేశభక్తి ఆగస్టుకి, జనవరికి అంటుకుపోయింది, ప్రేమ అంటే సినిమా పాటలు వచ్చి కూర్చుంటాయి, ఇక మిగిలింది ప్రకృతి. వాన, నది, పక్షి, పున్నమి మీద పాటలు తెలుగులో, ఉర్దూలో, బెంగాలీలో, ఇంగ్లిష్‌లో, జర్మన్‌లో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. డిసెంబర్ దాటాక కూడా క్వైర్ బతకాలంటే ఇలాంటి థీమ్ కావాలి.

రెండోది ఊరు. హైదరాబాద్ కూర్చున్నదే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్లు కొండాపూర్, ఖాజాగూడ వైపు ఒక్కొక్కటే మాయమైపోతుంటే వాటిని కాపాడ్డానికి 1996లో రాళ్ల కోసం ఒక సొసైటీ కూడా పెట్టుకున్న ఊరిది. ఊరి నడుమ నెమళ్లు తిరిగే కేబీఆర్ పార్కు ఉంది, దానికి 1998లో నేషనల్ పార్కు హోదా వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మీద సుప్రీం కోర్టు స్టే ఇచ్చేదాకా ఎంత గొడవ జరిగిందో తెలిసిందే. అలాంటి ఊళ్లో చెట్టు బొమ్మ వేస్తే అది ఉత్త చెట్టు బొమ్మగా మిగలదు, వేసినవాళ్లు ఏమీ అనకపోయినా చూసేవాళ్లు ఒక అర్థం తగిలిస్తారు.

మూడోది చిత్రకారుల వైపు నుంచి. తెలంగాణ చిత్రకళలో ఈ దారి పాతదే, కొండపల్లి శేషగిరిరావు రాళ్లనీ అడవినీ ఇష్టంగా వేశారు, సూర్యప్రకాశ్ ఎండుటాకుల్ని, నీళ్ల మీద నీడల్ని దశాబ్దాల పాటు పట్టుకుని కూర్చున్నారు. కొత్తగా వేస్తున్నవాళ్లకి కూడా ప్రకృతి దృశ్యం సుళువుగా అందే విషయం, కొనేవాళ్లు కూడా డ్రాయింగ్ రూమ్‌కి అదే అడుగుతారు. ఇందులో తప్పేం లేదు గానీ, గోడ నిండా మోదుగు పూలూ సూర్యాస్తమయాలే ఉంటే క్వైర్ ఎంత బాగా పాడినా ఎగ్జిబిషన్ క్యాలెండర్‌లా తయారయ్యే ప్రమాదం మాత్రం ఉంది.

అసలు సంగతి టైమ్ దగ్గర ఉంది

పాటకి టైమ్ ఉంటుంది, నాలుగు నిమిషాల పాట నాలుగు నిమిషాలు జరగాల్సిందే, మధ్యలో జరిపి చూడలేం. బొమ్మకి అది లేదు, ఎంతసేపు చూడాలన్నది చూసేవాళ్ల ఇష్టం. ఆ ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో లెక్కపెట్టి చూశారు, 2001లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం గొప్ప గొప్ప చిత్రాల ముందు కూడా జనం సగటున నిలబడింది 27 సెకన్లు. అందులో పక్కనున్న కార్డు చదివే టైమ్ కూడా కలిసే ఉంది. సగటే అంత, సగం సందర్భాల్లో అయితే 17 సెకన్లు కూడా దాటలేదు.

ఇప్పుడు అదే మనిషిని ఒక బొమ్మకి ఎదురుగా నిలబెట్టి, పక్క నుంచి పాట మొదలైందనుకుందాం. పాట నడుస్తుండగా కదలడం మర్యాద కాదని ఆగుతారు. ముందు గాయకుల మొహాలు చూస్తారు, తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో వెతుకుతారు, ఒక నిమిషానికి ఆ పని అయిపోతుంది. ఫోన్ తియ్యడానికి మొహమాటం. ఇక కళ్లకి పనిలేదు, ఎదురుగా బొమ్మ ఉంది. అప్పుడు మొదలవుతుంది చూడ్డం: దూరం నుంచి నల్లగా కనబడిన గుండు నల్లది కాదు, అందులో ఊదారంగు ఉంది, గోధుమ రంగు ఉంది, అంచున ఒక పసుపు గీత ఉంది, కింద మూల ఎక్కడో చిన్న తొండ ఉంది. మొదటి 27 సెకన్లలో తొండ దొరకదు.

కాబట్టి ఈ జోడీలో సంగీతం చేసే పని బొమ్మకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అవ్వడం కాదు, కాలు కట్టెయ్యడం. బొమ్మ తిరిగి చేసే సాయం కూడా ఒకటుంది. భాష తెలియని పాటని, ముందు నిలబడి పాట నడిపించే కండక్టర్ చెయ్యి ఊపడం తప్ప చూడ్డానికి ఏమీ లేని పాటని అలవాటు లేని శ్రోత రెండో నిమిషంలో వదిలేస్తాడు, కళ్లకి ఒక ఆసరా ఉంటే చెవి ఇంకాసేపు ఉంటుంది. అయితే రెండూ కుదరాలి. వాన పాటకి వాన బొమ్మ, నెమలి పాటకి నెమలి బొమ్మ అని మ్యాచింగ్ చేస్తే స్కూలు యానివర్సరీలా ఉంటుంది, చూసేవాళ్లకి వెతుక్కోడానికి ఏమీ మిగలదు. ఎండిన చెరువు బొమ్మ ముందు వాన పాట పెడితే అప్పుడు ఆలోచన మొదలవుతుంది.

మన దగ్గర ఉన్నవాటితో పోలిస్తే

పాటనీ బొమ్మనీ కలపడం తెలుగునేలకి కొత్తేం కాదు. చేర్యాల నకాషీ పటాలు పుట్టిందే దానికోసం. కాకిపడగల వాళ్లు ముదిరాజ్‌లకి, కూనపులి వాళ్లు పద్మశాలీలకి, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథక బృందం ఆ కులపురాణాన్ని పాడుతూ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ పోతారు. గుడ్డ మీద సుద్ద, చింతగింజల జిగురు పూసి, ఎర్రటి నేపథ్యం మీద వేసిన గళ్లు గళ్లుగా ఉండే కథ అది. పైన చెప్పిన టైమ్ సమస్యకి నకాషీ వాళ్లు కనిపెట్టిన పరిష్కారం చూడండి, బొమ్మకే టైమ్ ఇచ్చేశారు, పాట అక్కడికి వచ్చేదాకా ఆ గడి విప్పరు. గ్యాలరీ కచేరీల్లో ఇంత పకడ్బందీగా కుదరడం అరుదు.

బతుకమ్మ ఇంకా దగ్గరి పోలిక. తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చిన ఆకారం, దాని చుట్టూ ఆడవాళ్లు, ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకోవడం. ప్రకృతితోనే చేసిన శిల్పం, దాని ముందు బృందగానం. కానీ తేడాలు చిన్నవి కావు. బతుకమ్మలో పేర్చినవాళ్లే పాడతారు, పాడేవాళ్లే చూస్తారు, ప్రేక్షకులని వేరే ఎవరూ ఉండరు, కాగితం మీద స్వరాలు రాసుకున్న నొటేషన్ ఉండదు, రిహార్సల్ ఉండదు, శృతి తప్పిందని ఎవరూ మొహం చిట్లించరు, చివరికి నీళ్లలో వదిలేస్తారు. కచేరీలో కుర్చీలున్నాయి, చప్పట్లున్నాయి, బొమ్మ కింద రేటున్న కార్డు ఉంది, అమ్ముడుపోతే దాని పక్కన ఎర్ర చుక్క అతికిస్తారు. ఒకటి గొప్ప ఇంకోటి తక్కువ అని కాదు. బతుకమ్మకి కచేరీ గుణాలు అంటగట్టడం, కచేరీని ఆధునిక బతుకమ్మ అని పోస్టర్ మీద రాసుకోవడం రెండూ పొసగవు.

మూడోది రాగమాల. దక్కన్‌లో 16వ శతాబ్దం చివర్లోనే రాగాలకి బొమ్మలు వేశారు, తోడి రాగిణి అంటే వీణ పట్టుకున్న స్త్రీ, పాట విని దగ్గరికొచ్చిన జింకలు, ఇలాంటివి తర్వాత హైదరాబాద్ చిత్రకారులూ వేశారు. ఇందులో పాట వినపడదు, బొమ్మ చూస్తుంటే చూసేవాళ్ల మనసులో రాగం రావాలి. అంటే ఆ రాగం ముందే తెలిసినవాళ్ల కోసం వేసిన బొమ్మ. ఫ్రీ ఎంట్రీ కచేరీకి వచ్చే జనం దగ్గర అలాంటి ముందస్తు ఎరుక ఉంటుందని అనుకోలేం కాబట్టి నిర్వాహకులు పాట పాడి మరీ చూపించాల్సి వస్తోంది.

హాలు ఒప్పుకోవాలి

బొమ్మల గ్యాలరీ, పాటల హాలు రెండిటి అవసరాలు వేరు. క్వైర్‌కి గదిలో ధ్వని కాసేపు నిలవాలి, పాట ఆగాక రెండు సెకన్ల దాకా మోగితే గొంతులు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. మాటలకి అలా మోగితే నష్టం, అక్కడ ఒక సెకను లోపే ఆరిపోవాలి. ఉపన్యాసాలకి, నాటకాలకి కట్టిన ఆడిటోరియంలలో మెత్తటి కుర్చీలు, కర్టెన్లు ధ్వనిని మింగేస్తాయి, అక్కడ మైకు లేకుండా క్వైర్ పాడితే పక్కగదిలో పాడుతున్నట్టు ఉంటుంది. గ్యాలరీలో గట్టి గోడలు, రాతి ఫ్లోరింగ్, ఎత్తు సీలింగ్, ఖాళీగా ఉంటే ధ్వని బ్రహ్మాండంగా తిరుగుతుంది. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుందని గైడ్‌లు చూపించేది కూడా గట్టి రాతి ఉపరితలాలు ధ్వనిని వెనక్కి పంపడం వల్లే.

ఇక్కడే చాలా బృందాలు దెబ్బతింటాయి. రిహార్సల్ ఖాళీ గ్యాలరీలో చేస్తారు, అద్భుతంగా వస్తుంది, అందరూ సంతోషంగా ఇంటికి పోతారు. కచేరీ రోజు 100 మంది వచ్చి కూర్చుంటారు, మనుషులూ వాళ్ల బట్టలూ ధ్వనిని పీల్చుకునే మంచి స్పాంజిలు కాబట్టి అదే గది ఒక్కసారిగా పొడిగా అయిపోతుంది, గాయకులకి పక్కవాళ్ల గొంతు వినపడక భయమేసి గట్టిగా పాడటం మొదలుపెడతారు, గట్టిగా పాడితే శృతి జారుతుంది. పైగా ఎక్కువమంది ఉంటే అంత గట్టిగా వినపడుతుందనేది కూడా భ్రమే. 30 మంది ఒకే స్థాయిలో పాడితే ఒక్కరు పాడినదానికన్నా పెరిగేది సుమారు 15 డెసిబెల్స్ (ధ్వని తీవ్రతకి కొలత), మన చెవికి అది మూడు రెట్ల కన్నా తక్కువే. క్వైర్ గొప్పతనం సౌండ్‌లో లేదు, ఏ ఇద్దరి గొంతూ పూర్తిగా ఒకటి కాకపోవడం వల్ల ఆ చిన్నచిన్న తేడాలన్నీ కలిసి వచ్చే నిండుదనంలో ఉంది, దానికి గది సాయం చెయ్యాలి.

ప్రకృతి థీమ్ కదా అని బయట పెడదామనే ఆలోచన ఎవరికో ఒకరికి తప్పకుండా వస్తుంది. బయట గోడలుండవు, దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, పదో వరసలో ఉన్నవాళ్లకి పాట కన్నా రోడ్డు మీద హారన్లే బాగా వినపడతాయి. మైకులు పెడితే పోలీసు పర్మిషన్, రాత్రి పది దాటితే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్ బంద్. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన, మార్చి నుంచి ఎండ. వెనక రాతిగుట్ట గానీ గోడ గానీ ఉన్న చిన్న ఆవరణ, నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ఒక సాయంత్రం, 100 మందికి మించని జనం, ఈ మూడూ కుదిరితేనే బయట పెట్టడం నడుస్తుంది.

లైటు తగాదా

ధ్వని కన్నా చిన్నగా కనబడే పెద్ద తగాదా ఇది. కాగితం మీద వేసిన వాటర్‌కలర్ బొమ్మలకి మ్యూజియంలు పెట్టుకున్న హద్దు 50 లక్స్ (వెలుతురుకి కొలత), ఆయిల్, అక్రిలిక్ అయితే 200 లక్స్ దాకా పోతారు, దాటితే రంగు ఏళ్ల మీద వెలిసిపోతుంది. నొటేషన్ చదివేవాళ్లకి మామూలు ఆఫీసు వెలుతురు, అంటే 300 లక్స్ పైనే కావాలి, వయసులో పెద్దవాళ్లుంటే ఇంకా ఎక్కువ. హాలంతా లైట్లు వేస్తే బొమ్మ మీద గ్లాసు ఫ్రేమ్ మెరిసి చూసేవాళ్ల మొహమే వాళ్లకి కనబడుతుంది. తగ్గిస్తే ఆల్టోలు పేజీ తిప్పలేరు. ఒక సాయంత్రం ఎక్కువ వెలుతురు పడితే బొమ్మ పాడైపోదు, నిజమే, కానీ అప్పు తెచ్చిన బొమ్మలైతే చిత్రకారులో ఓనర్లో ఒప్పుకోవాలి. క్లిప్ లైట్లు ఫోల్డర్లకి పెట్టుకోవడం, లేదా పాటలు బట్టీ పట్టడం, రెండే దారులు. బట్టీ పట్టిన క్వైర్ తల ఎత్తి పాడుతుంది, దానివల్ల ధ్వని కూడా బాగుంటుంది, కాకపోతే రిహార్సళ్లు ఎక్కువ కావాలి.

వేడి ఇంకోటి. కూర్చున్న ఒక్కో మనిషి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, 150 మంది ఉంటే 15 కిలోవాట్లు, ఊపిరిలోంచి తేమ అదనం. ఏసీ గట్టిగా పెట్టాలి, ఏసీ మోత మెల్లగా పాడే చోట్ల అడ్డం వస్తుంది. దీనికి అందరూ చేసేది ఒకటే, కచేరీకి గంట ముందు నుంచి గది చల్లబరిచి, పాడేటప్పుడు ఫ్యాన్ స్పీడు తగ్గించడం.

ఇక నిలబడే చోటు. బొమ్మల మధ్యభాగం కంటి ఎత్తుకి, అంటే నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల దగ్గర వచ్చేలా వేలాడదీస్తారు. మూడు వరసల క్వైర్ ఆ గోడకి ముందు నిలబడితే వెనకున్న నాలుగైదు బొమ్మలు కచేరీ మొత్తం ఎవరికీ కనబడవు, సాధారణంగా పెద్దవీ మంచివీ ఆ గోడకే పెడతారు కాబట్టి చిత్రకారుడికి మండిపోతుంది. క్వైర్‌ని గది మూలలకి విడగొట్టి జనాన్ని మధ్యలో పెట్టడం చూడ్డానికి, వినడానికి కూడా బాగుంటుంది, కానీ దూరంగా ఉన్న గుంపులు ఒకరినొకరు వినలేక వెనకాముందు అవుతారు. కొత్త బృందాలు ఆ సాహసం చెయ్యకపోవడమే మేలు.

తెలుగు పాటని నాలుగు గొంతులకి పంచితే

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి, సాగదీసి పాడ్డానికి గొంతు తెరుచుకునే ఉంటుంది, అది క్వైర్‌కి వరం. కానీ మన పాటకి ప్రాణం గమకంలో ఉంటుంది, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఆ ఊపుని 30 మంది ఒకే రకంగా జార్చలేరు, జార్చితే హార్మొనీ అలుక్కుపోతుంది, మానేస్తే పాట ఇస్త్రీ చేసినట్టు చదునుగా అవుతుంది. అందుకే తెలుగు పాటలు కట్టే కండక్టర్లకి పనికొచ్చే మార్గాలు కొన్నే: బేస్, టెనర్ వాళ్లు తంబురాలా షడ్జమం పంచమం (స, ప) పట్టుకుంటే పైన వరస ఆడవాళ్లు పాడటం, లేదా ఒకే పల్లవిని ఒక గుంపు తర్వాత ఇంకో గుంపు వెంటాడుతూ ఎత్తుకోవడం, లేదా గమకం ఎక్కువున్న చరణాన్ని ఒక్కరికి వదిలేసి మిగతావాళ్లు హమ్మింగ్‌తో ఆగడం.

హార్మొనీకి ఒక ప్రాక్టికల్ లాభం కూడా ఉంది, దీన్ని తరచుగా మర్చిపోతారు. ఆడవాళ్లకి సుఖంగా ఉండే శృతి మగవాళ్లకి ఉండదు, అందరూ ఒకే వరస పాడితే ఎవరో ఒకరు పైస్థాయిలో అరవాలి లేదా కిందస్థాయిలో మింగాలి, బడి ప్రేయర్‌లో వినేది అదే. నాలుగు భాగాలుంటే ఎవరి స్థాయిలో వాళ్లు ఉంటారు. ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో ప్రచారం చేసిన టానిక్ సోల్‌ఫా అనే అక్షరాల నొటేషన్ ఇప్పటికీ మన చర్చి గాయకుల్లో కొందరికి తెలుసు, శృతిని బట్టి డో (మన స లాంటి మొదటి స్వరం) జరుగుతుంది కాబట్టి సరిగమ తెలిసినవాళ్లకి ఐదు గీతల నొటేషన్ కన్నా అది తొందరగా ఎక్కుతుంది.

ఫ్రీ ఎంట్రీ వెనక లెక్క

ఫ్రీ అనేది దానగుణం ఒక్కటే కాదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది, వృత్తి కళాకారులు కాని క్లబ్బో సొసైటీనో టికెట్ లేని ప్రేక్షకుల ముందు పాడితే అది కాపీరైట్ ఉల్లంఘన కింద రాదు. టికెట్ పెట్టిన మరుక్షణం హక్కుదారుల నుంచి లైసెన్సు తీసుకోవాల్సి వస్తుంది. అయితే ఈ మినహాయింపు పాడటానికే. పాటని నాలుగు భాగాలుగా కొత్తగా కట్టడం చట్టం దృష్టిలో వేరే హక్కు, నొటేషన్ పుస్తకం ఒకటి కొని 40 జిరాక్స్‌లు తియ్యడం ఇంకో సంగతి, ఈ రెండోది ఎంత మామూలైపోయిందంటే అది తప్పనే స్పృహ కూడా చాలాచోట్ల లేదు.

మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. అన్నమయ్య, త్యాగయ్యలతో ఇబ్బంది లేదు. 1957లో పోయిన నండూరి సుబ్బారావు పాటలు ఎప్పుడో బయటికొచ్చాయి. పచ్చదనం మీద తెలుగులో అందరికన్నా ముందు గుర్తొచ్చే దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో పోయారు కాబట్టి 2040 చివరిదాకా ఆగాలి లేదా అడగాలి. సినిమా పాట అయితే సంగీతానికీ మాటలకీ హక్కులు వేర్వేరు చేతుల్లో ఉండొచ్చు. బొమ్మల సంగతి కూడా ఇలాంటిదే, బొమ్మ కొన్నంత మాత్రాన దాన్ని స్క్రీన్ మీద పెద్దగా ప్రొజెక్ట్ చేసే హక్కు రాదు, అది చిత్రకారుడి దగ్గరే ఉంటుంది.

టికెట్ పెడితే జీఎస్టీ గురించి భయపడేవాళ్లున్నారు గానీ, సంగీత కచేరీ టికెట్ మనిషికి 500 రూపాయల దాకా ఉంటే పన్ను లేదు. కాబట్టి అడ్డం పన్ను కాదు, కాపీరైట్ లైసెన్సు, ఆ తర్వాత జనం. డబ్బులు పెట్టి కొత్త క్వైర్‌ని వినడానికి వచ్చేవాళ్లు గాయకుల చుట్టాలే ఎక్కువ. బొమ్మలు పెడితే హాలు అద్దె సగం అవుతుంది, చిత్రకారుల చుట్టాలు కూడా వస్తారు. కొంచెం వెటకారంగా అనిపించినా రెండు కళలు మొదట కలిసేది ఈ చుట్టాల లెక్క దగ్గరే.

ఎవరికి ఏం ఒరుగుతుంది

ఖాయంగా లాభపడేది పాడేవాళ్లు. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో చేసిన పరిశోధనలో కలిసి పాడేవాళ్ల గుండె లయ పాటలోని ఊపిరి విరామాలతో పాటు ఒకేలా పెరగడం తగ్గడం కనబడింది. 2015లో బ్రిటన్‌లో పెద్దల క్లాసుల మీద చేసిన ఇంకో అధ్యయనంలో పాటల క్లాసులో చేరినవాళ్లు చేతిపనుల క్లాసు, రచన క్లాసు వాళ్ల కన్నా ముందుగా ఒకరికొకరు దగ్గరయ్యారు, కానీ ఏడు నెలలు తిరిగేసరికి మూడు క్లాసుల్లోనూ దగ్గరితనం ఇంచుమించు ఒకటే. అంటే పాట చేసేది బెరుకు పోగొట్టడం. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి తప్ప ఎవరూ తెలియని వలస ఉద్యోగులు ఇంతమంది ఉన్న ఊళ్లో అది చిన్న విషయం కాదు.

చిత్రకారులకి లాభం అంత ఖాయం కాదు. ఎగ్జిబిషన్‌కి సాధారణంగా రానివాళ్లు వస్తారు, ఎక్కువసేపు చూస్తారు, కొనడం మాత్రం వేరే లెక్క. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక్కరోజు పెడితే చూడ్డానికే చాలదు, వారం పెట్టి అందులో ఒక సాయంత్రం కచేరీ జరిపితే కచేరీకి వచ్చినవాళ్లు మళ్లీ తీరుబడిగా రావడానికి వీలుంటుంది.

చెట్లకి, చెరువులకి? నేరుగా ఏమీ ఒరగదు. ప్రకృతి మీద పాట పాడితే చెరువు కబ్జా ఆగదు, అలా ఆగుతుందన్నట్టు రాసే ప్రెస్‌నోట్లు కొంచెం తగ్గిస్తే మంచిది, పైగా గేటు దగ్గర 20 అడుగుల ప్లాస్టిక్ ఫ్లెక్సీ, లోపల చిన్న నీళ్ల బాటిళ్లు గుట్టలుగా ఉంటే ఆ మాట మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. బొమ్మలో ఉన్న గుట్ట ఏదో, చెరువు ఏదో పేరు, చోటు కార్డు మీద రాస్తే మాత్రం కొంత ఉపయోగం, చూసినవాళ్లకి అది తమ ఆఫీసు దారిలోనే ఉందని తెలుస్తుంది, ఆ తర్వాత అక్కడ జేసీబీ కనబడితే గుర్తుపట్టే అవకాశం ఉంటుంది.

ఏ ప్రోగ్రామ్ ఏ రకమో పోస్టర్ చూసి కొంతవరకు పట్టెయ్యొచ్చు. చిత్రకారుల పేర్లు క్వైర్ పేరంత సైజులో ఉన్నాయా, బొమ్మలు కచేరీకి ముందు, తర్వాత ఏ రోజుల్లో చూడొచ్చో రాశారా, పాటలు ఏ భాషల్లో ఉన్నాయో చెప్పారా అన్నవి చూడాలి. ఇవేవీ లేకుండా ప్రకృతి నేపథ్యంలో సంగీత విభావరి అని మాత్రమే ఉంటే బొమ్మలు స్టేజీ వెనక అలంకారానికే అనుకోవచ్చు, పాటల కోసమైతే వెళ్లొచ్చు. బొమ్మల కోసమే వెళ్లేవాళ్లు గంట ముందే చేరుకోవడం మంచిది, క్వైర్ వచ్చి నిలబడ్డాక ఆ గోడ ఎలాగూ కనబడదు.